కోరుట్లలో కొన్న చప్పుడు కార్డు

జగిత్యాలలో కంప్యూటర్ల దుకాణం అతను మా బాపును అడిగిన మొదటి మాట, "పిలగానికా అన్నా?" అని.

నేను అక్కడే ఉన్నాను, గల్లాపెట్టెకు ఆనుకుని. ఆటలాడే కంప్యూటర్ అనగానే మనవాళ్లకు కొడుకే గుర్తొస్తాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నోరు తెరిచేలోపే బాపు ఒక స్టూలు లాక్కుని కూర్చుని, మా బిడ్డకు, ఆమెతోనే మాట్లాడు, నాకు దాంట్లో ఓనమాలు రావు అని చెప్పేశాడు. దుకాణం అతను నా వైపు తిరిగి, పైనుంచి ఒక పెట్టె దించాడు. పెట్టె మీద కత్తి పట్టుకున్న ఒక వీరనారి బొమ్మ, చుట్టూ మంటలు. లోపలి గ్రాఫిక్స్ కార్డుకు, అంటే తెర మీద బొమ్మను నడిపే పలకకు, ఏడు రంగుల లైట్లు వెలుగుతాయట. నాలుగు జీబీ అట. స్టూడెంట్లందరూ ఇదే కొంటున్నారట.

ఎన్ని వాట్లు లాగుతుందని అడిగాను. తెలీదన్నాడు. పొడవెంత అని అడిగాను. పెట్టె చూపించాడు. అందులో ఏ రకం మెమరీ పెట్టారని అడిగాను. నాలుగు జీబీ మేడం అని మళ్లీ అదే మాట. ఇక్కడే మనవాళ్లు మోసపోతారు. జీబీ అంటే గోనెసంచి ఎంత పెద్దదో చెప్పే లెక్క. అందులోంచి వడ్లు ఎంత జోరుగా బయటికొస్తాయో అది చెప్పదు. మూతి సన్నగా కుట్టిన సంచి ఎంత పెద్దదైతే ఏం లాభం? ఆ మంటల పెట్టె కార్డు సరిగ్గా అలాంటిది. పాత సరుకుకు కొత్త లైట్లు తగిలించారు. అది నాకు నెల ముందే తెలుసు, ఎందుకంటే ఆ నెలంతా నేను చేసిన పని అదొక్కటే. అన్నం తింటూ కార్డుల పరీక్షల వీడియోలు చూశాను, బస్సులో చూశాను, కాలేజీలో లెక్చరర్ పాఠం చెబుతుంటే బెంచీ కింద పెట్టుకుని చూశాను. మా అమ్మ అయితే, ఇంత చదువు పుస్తకాల మీద చదివితే కలెక్టర్ అయ్యేదని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది.

నిజంగా మంచి కార్డు కూడా ఆ దుకాణంలో ఉంది. దాని ధర విని బాపు స్టూలు మీదనుంచి లేచాడు. నేను కూడా ఇంకేం మాట్లాడకుండా బయటికి నడిచాను. మా దగ్గరున్నది పదివేలు. నేను చీరలకు ఫాల్ కుట్టి దాచుకున్న దానికి బాపు తన చేతిది కలిపాడు. అంతకు మించేది లేదని ఇంట్లో ముందే ఒప్పందం.

మాది సిరిసిల్ల. బాపు ఆసామి. అంటే సొంతంగా నాలుగు సాంచాలు ఉన్నవాడు, సేటు దగ్గర నూలు తెచ్చి గుడ్డ నేసి ఇచ్చేవాడు. సాంచా అంటే మరమగ్గం. ఇంటి వెనక షెడ్డులో పొద్దున్న మొదలైతే చీకటి పడేదాకా అవి దడదడలాడుతూనే ఉంటాయి. అమ్మ అదే షెడ్డులో ఒక మూల కూర్చుని నూలు కండెలు చుడుతుంది. నేను అదే చప్పుడులో పుట్టాను, అదే చప్పుడులో నిద్రపోయాను, అదే చప్పుడులో ఎక్కాలు నేర్చుకున్నాను. చుట్టాలు వస్తే అరగంటకు తలనొప్పి అంటారు. మాకేమో వాళ్లు ఎందుకు అలా మొహం పెడతారో అర్థం కాదు.

డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్నప్పుడు బాపు ఒక పాత కంప్యూటర్ కొనిచ్చాడు, ఏదో ఆఫీసులో వాడి తీసేసినది. దాంట్లోనే ఆట మొదలుపెట్టాను. ఐదుగురు ఒక జట్టుగా ఆడే తుపాకుల ఆట. నాకు చెయ్యి త్వరగా తిరిగింది. ఇంటర్నెట్‌లో పరిచయమై ఒక జట్టులో చేరాను. మా కెప్టెన్ జగిత్యాల అమ్మాయి, ఇంజనీరింగ్ చదువుతోంది, నాకంటే ఏడాది పెద్ద. మిగతా ముగ్గురు అబ్బాయిలు, అందరూ ఆ చుట్టుపక్కలవాళ్లే. అప్పటికి ఎవరినీ ఎదురుగా చూడలేదు, గొంతులే పరిచయం. నా పని వెనక కాపలా. జట్టు ముందుకు పోతుంటే వెనకనుంచి, పక్కనుంచి ఎవరొస్తున్నారో చూసి మైకులో చెప్పడం. చెప్పడమే సగం పని.

చూస్తే కదా చెప్పడం. నా పాత డబ్బాలో గ్రాఫిక్స్ కార్డు లేదు. బొమ్మ ఆగి ఆగి కదిలేది. తలుపు దగ్గర శత్రువు కనిపించేసరికి నేను అప్పటికే చచ్చిపోయి ఉండేదాన్ని. నావల్ల జట్టు వరుసగా ఓడింది. జగిత్యాలలో ఒక కాలేజీవాళ్లు ఫంక్షన్ హాల్లో పోటీలు పెడుతున్నారని, ఎవరి కంప్యూటర్ వాళ్లే తెచ్చుకోవాలని తెలిసిన రోజు కెప్టెన్ నాతో మెత్తగానే చెప్పింది. "కార్డ్ ఏసుకో. లేకుంటే వేరేటోళ్లను తీస్కుంటం. ఏమనుకోకు."

ఏమనుకోకు అంటే ఎట్లా అనుకోకుండా ఉంటాం? నా జీవితంలో నాకు నేను సంపాదించుకున్న చోటు అదొక్కటే. బడిలో చోటు వయసొస్తే ఇస్తారు, ఇంట్లో చోటు పుడితే ఇస్తారు. ఆ ఐదుగురిలో చోటు మాత్రం నా వేళ్లతో తెచ్చుకున్నాను. దాన్ని వదులుకునేది లేదని ఆ సాయంత్రమే బాపుకు చెప్పాను. ఆయన సాంచా బీముకు నూలు సరిచేస్తూ విన్నాడు. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. ఎప్పుడు పోదామని అడిగాడు.

అలా జగిత్యాల వెళ్లాం, అలా వట్టి చేతులతో బయటికొచ్చాం. బస్టాండులో చాయ్ తాగుతుండగా ఫోనులో పాత సామాన్లు అమ్మేచోట ఒక ప్రకటన కనిపించింది. కోరుట్లలో ఒకాయన గ్రాఫిక్స్ కార్డు అమ్ముతున్నాడు. కార్డు పేరు చూసి నా చేతిలో గ్లాసు ఒలికింది. రెండేళ్ల కిందటిదే, జగిత్యాల దుకాణంలో ధర విని బాపు లేచి నిలబడ్డ కార్డుకు అన్నలాంటిది. అడిగేది మాత్రం పదివేలు. ఇంత చవకగా వస్తుందంటే ఎక్కడో తిరకాసు ఉంటుంది. ఉండనీ, చూసొద్దాం అన్నాడు బాపు. అటునుంచి అటే కోరుట్ల బస్సెక్కాం.

ఇల్లు సులువుగానే దొరికింది. అమ్మే అన్న గల్ఫ్‌లో కొన్నేళ్లు పనిచేసి వచ్చినవాడు. అక్కడే ముచ్చటపడి కంప్యూటర్ కట్టుకుని, విప్పి, దుప్పట్ల మధ్య చుట్టి తెచ్చుకున్నాడు. ఆయన భార్య నెలల పిల్లను భుజాన వేసుకుని గుమ్మంలోనే ఎదురొచ్చింది. మమ్మల్ని చూసి ఆమె మొహంలో వచ్చిన సంతోషం ఏ చుట్టాన్ని చూసీ వచ్చి ఉండదు.

ఆ అన్న నిజాయితీపరుడు, దాచలేదు. "ముందే చెప్తున్న కాకా, సప్పుడు బాగ చేస్తది. దీంతోనే మా ఇంట్ల లొల్లి," అన్నాడు. పిల్ల పడుకోగానే ఈయన ఆట మొదలుపెట్టడం, కార్డు ఫ్యాన్లు మోగడం, పిల్ల లేవడం. ఇంట్లో అదుంటే నేనుండను, పుట్టింటికి పోతానని భార్య చెప్పేసిందట. అప్పటికే ఇద్దరు ముగ్గురు కొనడానికి వచ్చి, ఆన్ చేయగానే దండం పెట్టి వెళ్లిపోయారట.

సరే, పెట్టి చూపించమన్నాను. కంప్యూటర్ పెట్టాడు. నేనాడే ఆటే తెరిచాడు. తెర మీద ఒక నది, ఒడ్డున గడ్డి. ఆ గడ్డి పోచపోచా విడిగా ఊగుతోంది. నేను అలాగే చూస్తుండిపోయాను. వెనక పిల్ల లేచి కేరుమని ఏడ్చింది. ఆ ఇల్లాలు మొగుడి వైపు ఒక చూపు చూసింది. బాపు మర్యాదగా కాసేపు ఆగి అడిగాడు. "ఇంక షురూ చెయ్యలేదా?"

ఆ అన్న కార్డు వైపు వేలు చూపించాడు. "నడుస్తనే ఉన్నది కదా కాకా," అన్నాడు.

నేను కూడా ఫ్యాన్లు ఇంకా మొదలవలేదనే అనుకున్నాను. ఒట్టు. చెయ్యి పెట్టి చూస్తే గాలి వడగాడ్పులా కొడుతోంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు, అంతసేపూ అది మా ఎదురుగా మోగుతూనే ఉంది, మా తండ్రీబిడ్డలకు చీమ నడిచినంత చప్పుడైనా తగల్లేదు. బాపు ఏం కొన్నా వంక పెట్టి ధర దించే మనిషి. టమాటాలకు కూడా వంక పెడతాడు. అలాంటివాడు ఇక్కడ నిండు మనసుతో, సప్పుడేం లేదు కదా, మంచిగనే ఉన్నది అనేశాడు. నేను ఆయన కాలు తొక్కాను. అప్పటికే మాట జారింది. ఇంత మంచి వంకను చేతులారా పారేసుకున్న బేరగాళ్లు కోరుట్లలో అంతకుముందు ఉండి ఉండరు.

మమ్మల్ని కాపాడింది ఆ ఇల్లాలే. మేం ఇంకా ఆలోచిస్తున్నామని భయపడినట్టుంది. "ఐదొందలు తక్కువియ్యుండ్రి గని, ఇయ్యాల్నే తీస్కపోండ్రి. పున్నెముంటది మీకు," అంది.

నేను తొందరపడలేదు. ఇది గొప్పకు చెప్పుకుంటున్నా, చెప్పుకోవాల్సిందే. బిట్‌కాయిన్‌లాంటి కంప్యూటర్ నాణేల లెక్కలకు రాత్రింబవళ్లు నడిపి అరగదీసిన కార్డులు బజారులో బోలెడు తిరుగుతుంటాయి. అది అలాంటిది కాదని తేల్చుకునేదాకా ఊరుకోలేదు. మరలు విప్పిన గుర్తులున్నాయేమో చూశాను. ఆమె ఇచ్చిన చాయ్ చల్లారేదాకా కార్డుకు ఊపిరాడని పరీక్ష పెట్టి, వేడి ఎక్కడిదాకా పోతుందో చూశాను. అది ఆగాల్సిన చోట ఆగింది. బొమ్మ ఒక్కసారి కూడా తడబడలేదు. నా పాత డబ్బాలో ఉన్న పవర్ సప్లై దీనికి చాలదని చెప్పి, ఆ అన్న దగ్గరున్నదే అదే ధరలో కలిపించాను. అప్పుడు కొందాం అన్నాను. బాపు లేచి డబ్బిచ్చాడు.

వేములవాడ మీదుగా బస్సులో వస్తున్నంతసేపూ కార్డు నా ఒళ్లోనే ఉంది. సీటు కోసం ఒకామె, ఆ సంచి కింద పెట్టరాదా అంది. పెట్టలేదు.

ఇంటికొచ్చాక తెలిసింది, కార్డు నా డబ్బాలో పట్టదని. పొడవెంత అని దుకాణం అతన్ని నిలదీసిన నేనే, కోరుట్లలో ఆ గడ్డిని చూసి కొలవడం మరిచిపోయాను. రెండు వేళ్ల మేర అడ్డం. బాపు రంపం బ్లేడు తెచ్చి, డబ్బా లోపలి ఇనుప గూడును కోసి పారేశాడు, అంచులు గుచ్చుకోకుండా ఆకురాయితో రుద్దాడు. షెడ్డులోంచి వచ్చే నూలు నూగు ఫ్యాన్లలో పడకుండా గాలి పోయే చోట మా సాంచా మీద నేసిన పలచటి గుడ్డ కట్టాను. అమ్మ వచ్చి తెరలో నది చూసి, నీళ్లు నిజంగా పారుతున్నట్టే ఉన్నాయే అని కాసేపు నిలబడింది. ఆ పూట నేను రాజ్యమేలాను. తలుపు దగ్గరికి ఎవరొచ్చినా నాకు ముందే కనిపించారు.

మర్నాడు చీకటి పడి సాంచాలు బందయ్యాక జట్టుతో ఆటకు కూర్చున్నాను. ఎప్పుడూ ఆ వేళకే ఆడతాను, షెడ్డు చప్పుడు మైకులో పడకూడదని. మైకు తెరిచి అందరినీ పలకరించాను. అవతలినుంచి కెప్టెన్ గొంతు. "గా సప్పుడేంది? ఇంట్ల గిర్ని నడుస్తుందా?"

ఏ చప్పుడూ లేదని నేను వాదించాను. అమ్మను పిలిచి అడిగాను, ఏమైనా వినపడుతోందా అని. ఏం లేదంది. బాపును అడిగాను. ఏం లేదన్నాడు. ముగ్గురు సాక్షులం ఒకటే మాట. చివరికి కెప్టెన్ తన దగ్గర వినిపించేది రికార్డు చేసి పంపింది. విన్నాను. పిండి గిర్నీలో కూర్చుని మాట్లాడినట్టే ఉంది. నా మాటలు పది చెబితే ఒకటి తేలుతోంది. పిట్ట కొంచెం కూత ఘనం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఇక ఏం చేయాలో అన్నీ చేశాం. ఫ్యాన్ల వేగం తగ్గిస్తే కార్డు వేడెక్కి బొమ్మ మళ్లీ నత్తనడక నడిచింది. చప్పుడును వడగట్టే సాఫ్ట్‌వేర్ వేస్తే అది చప్పుడుతోపాటు నా గొంతునూ తినేసింది. ఆ రకం ఫ్యాన్లు వేరేగా దొరకవన్నారు. బాపు నేను కాలేజీకి వెళ్లినప్పుడు చూసి ఫ్యాను నడుమ సాంచా నూనె వేశాడు. సాంచాల వాళ్ల జబ్బు అది. ఏది మొత్తుకున్నా దానికి నూనె పోస్తారు. చప్పుడు పిసరంతైనా తగ్గలేదు, ఇల్లంతా నూనె వాసన మాత్రం వచ్చింది.

మైకు బంద్ పెట్టుకుని ఆడు అంది కెప్టెన్. మైకు లేకుండా వెనక కాపలా ఎందుకు? ఆ మాట ఆమె అనలేదు, నేనే అనుకున్నాను. పోటీల దాకా చూద్దాం అని మాత్రం అంది. ఆ గొంతు నాకు తెలుసు. ఇంకొకరిని వెతుకుతున్నప్పుడు మనుషులు అలాగే మాట్లాడతారు.

బాపు నా మొహం చూసి, కోరుట్లకు పోయి వాపస్ ఇచ్చేద్దామా బిడ్డా అని అడిగాడు. నేను గయ్యిమన్నాను. ఆ కార్డుకు ఏం తక్కువ? ఆ ధరకు అంత బొమ్మ ఇచ్చే కార్డు మూడు ఊళ్లు తిరిగినా దొరకదు. ఏరింది నేను. తప్పు కార్డు ఏరానని ఒప్పుకోవడానికి నా నోరు రాలేదు, ఎందుకంటే అది తప్పు కార్డు కాదు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటే అననీ.

ఆ కోపంతోనే షెడ్డులోకి వెళ్లి అమ్మ పక్కన కూర్చున్నాను. నాలుగు సాంచాలూ నడుస్తున్నాయి. బాపు అవతలి కొసన ఉన్నాడు. అమ్మ చెయ్యెత్తి మణికట్టు తిప్పింది. బాపు తల ఊపి కండెల పెట్టె ఇటు తోశాడు. కాసేపటికి ఆయన చిటికెన వేలు చూపించాడు. మూడో సాంచాలో పోగు తెగిందని దానర్థం. అమ్మ లేచి వెళ్లింది. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. షెడ్డులో నోటితో మాట్లాడేవాడు ఉండడు, మాట్లాడినా వినేవాడు ఉండడు. పొద్దంతా పని నడుస్తుంది, ఒక్క పోగు తెగినా అందరికీ తెలుస్తుంది. నా చదువంతా బుర్రలో పెట్టుకుని ఇది ఇంతకాలం నాకెందుకు తోచలేదో నాకే నవ్వొచ్చింది.

మా ఆటలో ఒక మీట ఉంది. నొక్కితే మనం చూస్తున్న చోట ఒక గుర్తు పడుతుంది, చిన్న టిక్కుమనే శబ్దంతో. అది జట్టు అందరికీ కనిపిస్తుంది. అందరూ ఎప్పుడో ఒకసారి వాడతారు. నేను దాన్ని భాష చేశాను. ఒక గుర్తు పెడితే ఒకడు. టకటకా రెండు పెడితే చాలామంది. దూరంగా పెట్టి దగ్గరికి జరుపుకుంటూ వస్తే వాళ్లు మన మీదికి వస్తున్నారు. నా కాళ్ల దగ్గర నేనే పెట్టుకుంటే, నా దగ్గరికి రా. ఇంతే. ఎక్కువ పెడితే ఎవరికీ గుర్తుండదు. షెడ్డులో కూడా ఎక్కువ ఉండవు.

జట్టుకు రాసి పంపాను. ఆట మొదలవగానే ఒకడు మైకులో, ఇంక మనకు మూగది దొరికిందిరా అన్నాడు. నాకు వినపడుతుందని తెలిసే అన్నాడు, నేను తిరిగి ఏమీ అనలేనని కూడా తెలిసే అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అబద్ధమెందుకు. మీట మీద వేలు పెట్టి ఆడుతూనే పోయాను. ఆ ఆటలోనే అతని వెనక గోడ చాటున రెండు గుర్తులు పెట్టాను. అతను నమ్మలేదు, చచ్చాడు. ఇంకో ఆటలో మళ్లీ పెట్టాను. ఈసారి గిరుక్కున తిరిగాడు, బతికాడు. ఆ తర్వాత మూగ అనే మాట ఆ జట్టులో వినిపించలేదు. కెప్టెన్ మాత్రం వద్దని కూడా అనలేదు, ఉండమని కూడా అనలేదు.

పోటీ రోజు కంప్యూటర్‌ను రెండు దుప్పట్లలో చుట్టి బాపూ నేనూ జగిత్యాల చేరాం. జట్టువాళ్లను మొదటిసారి ఎదురుగా చూసింది ఆ రోజే. కెప్టెన్ నేననుకున్నదానికంటే పొట్టి. హాలు గేటు దగ్గరే పక్కకు పిలిచి, ఇంకొక అమ్మాయిని అడిగి పెట్టుకున్నానని, ఈ పోటీ అయ్యాక మాట్లాడుకుందామని నా మొహం మీదే చెప్పింది. దొంగచాటుగా చేయనందుకు ఆమె మీద గౌరవం కలిగింది. ఆ రోజు నా చోటు నిలుపుకోవాలంటే నాకు మిగిలింది ఆ హాలొక్కటే.

లోపల అడుగుపెడితే పెళ్లికి పెట్టే డీజే బాక్సులు, అవీ రెండు వైపులా. మైకులో ఒకడు ప్రతి తుపాకీ దెబ్బకూ అరుస్తున్నాడు. వెనక కాలేజీ పిల్లలు ఈలలు, బల్లల మీద దరువులు. పైన రేకులు అదురుతున్నాయి. నా కార్డు మోగుతోందో లేదో ఎవరికీ పట్టలేదు. జట్లన్నీ హెడ్‌ఫోన్లు చెవులకు అదుముకుని, ఏందిరా, ఏమన్నవ్, ఇనవడ్తలేదు అని ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. మా కెప్టెన్ కూడా మొదటి ఆటలో గొంతు చించుకుంది. మొహం పాలిపోయింది.

నాకు మాత్రం ఇంట్లో ఉన్నట్టుంది. నిజం చెబుతున్నాను, అంతమంది మధ్య నాకు కాస్తంత భయం కూడా వేయలేదు. అది మా షెడ్డు. నేను మీట నొక్కాను. ఒకటి. రెండు. కాళ్ల దగ్గర. నలుగురూ మాట్లాడటం మానేశారు. వినపడని మాటల కోసం చెవులు రిక్కించడం మాని, నా గుర్తుల కోసం తెర చూడటం మొదలుపెట్టారు. నది అవతలి ఒడ్డున గడ్డి ఊగడం కార్డు నాకు స్పష్టంగా చూపిస్తోంది. గాలికి ఊగే గడ్డి ఒక తీరు, మనిషి పాకితే ఊగే గడ్డి ఇంకో తీరు. అక్కడ టకటకా రెండు పెట్టాను. మావాళ్లు నలుగురూ ఒకేసారి అటు తిరిగారు. అవతలి జట్టు లేచేలోపే పడిపోయింది.

మొదటిది గెలిచాం. తర్వాతదీ, ఆ తర్వాతదీ గెలిచాం. చివరిదాంట్లో ఓడాం. కరీంనగర్ నుంచి వచ్చిన జట్టు అది, మాకంటే బాగా ఆడారు, అందులో ఏడవడానికేం లేదు. రెండో స్థానం అని మైకులో చెప్పారు. డీజే ఇంకా పెంచారు. నేను హెడ్‌ఫోన్లు తీసి, వైర్లు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆమె వచ్చి చెబుతుంది అనుకున్నాను, ఆ ఇంకో అమ్మాయి సంగతి.

తలెత్తి చూస్తే కెప్టెన్ బల్లల అవతల నిలబడి ఉంది. ఏదో అంటోంది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. నేను చెవి దగ్గర చెయ్యి పెట్టి వినపడటం లేదని చూపించాను. ఆమె ఇంకోసారి అరిచింది. లాభం లేదు. అప్పుడు ఆగి, నన్నే చూస్తూ, చూపుడు వేలితో తన కాళ్ల దగ్గర నేలను చూపించింది. నేను పెట్టిన భాషలోనే, నా దగ్గరికి రా అని, అక్కడే మళ్లీ ఒకసారి చూపించింది.

నేను ఆ వైర్లు అలాగే పట్టుకుని నిలబడిపోయాను. బాపు జనంలోంచి తోసుకుంటూ వచ్చి దుప్పటి పరిచాడు. ఆమె ఏమందో ఆయనకు చెప్పాలని నోరు తెరిచాను.

ఆయన తల అడ్డంగా ఊపి, నా చెవిలో నోరు పెట్టి అన్నాడు. "చెప్పకు బిడ్డా. చూసిన."